ఆకసమునుండి పడిన రాయి

మన గరివిడి, గర్భాము సీమలందు నల్లని బరువురాయి దొరకినచో అది తరచుగా మాంగనీసు ఖనిజమే. సూదంటురాయితో చూచినను సందియము తీరదు. గరివిడి ఖనిజమున కొన్ని తునుకలును దాని కంటుకొనును.

నిక్కపు ఉల్కాశిల యెట్టిది? 1852 జనవరి 23వ తేదీని నెల్లూరు మండలమున యాటూరునొద్ద పడినదానిని శాస్త్రజ్ఞులు హెచ్-5 తరగతిలో చేర్చిరి. ఇట్టి రాళ్లలో ఒలివిన్, పైరాక్సీన్ అను ఖనిజములు ప్రధానములు. అవి కొంతవఱకు ఆవగింజలవంటి గుండ్లుగా నేర్పడియుండును. నడుమ నికెలు కలసిన యినుము రేణువులుగా మెఱయును. మన కొండరాళ్లలో నిది కానరాదు. గంధకముతో కూడిన యినుమును కొంత కలదు. హెచ్ అనగా ఇనుము హెచ్చని యర్థము. ఆంగ్లాక్షరము మన మాటకును చక్కగా సరిపోయినది! ఇనుము తగ్గినచో ఎల్, లోహము మఱియు తగ్గినచో ఎల్‌ఎల్. 5 అనునది తల్లిగోళమున రాయి కాగిన తీరును దెలుపును.

1997 డిసెంబరు 13న విస్సన్నపేటలో పడినది వేఱుజాతి, యూక్రైట్. చల్లారిన శిలాద్రవమునుండి పుట్టినది గనుక దానియందు గుండ్లు లేవు, లోహమును మిక్కిలి స్వల్పము. ఇట్టివి వెస్టా అను చిన్నగ్రహమునుండి వచ్చినవని పండితుల యభిప్రాయము. వీనికి సూదంటురాయి పరీక్ష పనికిరాదు. గాలిలో కాలి కరగిన నల్లని పలుచని పొరను చూడవలెను.

మీ యూర నట్టిది పడినచో కడుగవలదు, పగులగొట్టి పంచుకొనవలదు. తడి తగిలిన లోహము త్రుప్పుపట్టును. దినమును, వేళను, పడిన చోటును వ్రాసియుంచి భారత భూగర్భ పరిశోధన శాఖవారికి వెంటనే తెలుపుడు.