నెలాఖరు లెక్క తప్పితే ఈఎంఐ బౌన్సే!

బ్యాంకింగ్, ఫిన్‌టెక్ ప్రాజెక్టుల ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. జనవరి 31న మొదలైన ఈఎంఐ ఫిబ్రవరిలో ఏ తేదీన పడాలి?

28న అని అందరూ చెప్పేస్తారు. అసలు చిక్కు మార్చిలో వస్తుంది. జావాలో 2025 జనవరి 31కి ‘ప్లస్‌మంత్స్’తో ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 వస్తుంది. ఆ 28కే మళ్లీ నెల కలిపితే మార్చి 28. ఇక అక్కణ్నుంచి ప్రతి నెలా 28నే. జీతం 30న పడే ఉద్యోగి ఖాతాలో 28న డబ్బెక్కడిది? ఈఎంఐ బౌన్స్, ఆపైన ఛార్జీలు. కోడ్‌లో మాత్రం ఎర్రర్ ఎక్కడా కనపడదు. జావాస్క్రిప్ట్‌లో ‘సెట్‌మంత్’ వాడితే ఇంకా వింత, ఫిబ్రవరిని దాటేసి మార్చి 3కి పోతుంది.

పరిష్కారం చిన్నదే. కిందటి వాయిదాకు నెల కలపొద్దు. మొదటి తేదీని దాచుకుని దానికే ఒకటి, రెండు, మూడు నెలలు కలుపుతూ పోవాలి. అప్పుడు మార్చి 31 సరిగ్గా వస్తుంది.

మరి 2025 ఫిబ్రవరి 28న మొదలైతే? అది ‘ప్రతి నెలా 28’ అనా, ‘ప్రతి నెలాఖరు’ అనా? ఒరాకిల్‌లో ‘యాడ్ మంత్స్’ దాన్ని నెలాఖరుగా తీసుకుని మార్చి 31 ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ మార్చి 28 అంటుంది. రెండూ తప్పు కాదు, తేల్చాల్సింది లోన్ అగ్రిమెంటు. ఇంటర్వ్యూలో కోడ్ మొదలుపెట్టే ముందే ఈ సంగతి మీరు ఎదురు అడగాలి. నన్నడిగితే, సగం మార్కులు ఆ ప్రశ్నకే.

సెలవుల గొడవ వేరే. దానికి ఉదాహరణ మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనే ఉంది. ఎన్టీఆర్ భరోసా పింఛను ప్రతి నెలా 1న ఇస్తారు కదా. 2024 సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో ఆగస్టు 31నే ఇచ్చేశారు. అంటే క్యాలెండర్ ప్రకారం ఆగస్టులో రెండు చెల్లింపులు. ‘నెలకు ఒకటే’ అని చెక్ రాసుకున్న ప్రోగ్రామ్ రెండోదాన్ని డూప్లికేట్ అనుకుని ఆపేస్తుంది. అవ్వాతాతలు సచివాలయం చుట్టూ తిరగాల్సిందే! అందుకే చెల్లించిన తేదీ, ఏ నెల తాలూకు అన్నది రెండు వేర్వేరు కాలమ్‌లలో ఉండాలి. ఈఎంఐలకు ఈ ఆదివారం తంటా లేదు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వ్యవస్థ వారమంతా పనిచేస్తోంది.

మొండి బాకీల దగ్గర నెలలు కాదు, రోజులు లెక్క. 2021 నవంబరు 12 నాటి సర్క్యులర్‌లో రిజర్వ్ బ్యాంకే ఉదాహరణ ఇచ్చింది. మార్చి 31న కట్టాల్సింది కట్టకపోతే 90 రోజులకు, జూన్ 29న ఎన్‌పీఏ అవుతుంది. మూడు నెలలు కలిపితే జూన్ 30 వస్తుంది.

ఈ రాత్రికే ల్యాప్‌టాప్‌లో ఒకటి ప్రయత్నించండి. 2028 జనవరి 29, 30, 31 తేదీలతో మూడు లోన్లు తీసుకోండి. ఫిబ్రవరిలో మూడూ 29నే పడాలి, మార్చిలో మళ్లీ 29, 30, 31గా విడిపోవాలి.