పాలపిట్ట దర్శనము

విజయదశమినాడు జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేసి, జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో నుంచి, పాలపిట్టను చూచినగాని తెలంగాణములో పండుగ పూర్తియైనట్లు కాదు. అజ్ఞాతవాసము ముగించి పాండవులు జమ్మిమీదినుండి తమ ఆయుధములను దింపుకొని వచ్చుచుండగా ఈ పక్షి కనబడెననియు, లంకపై దండు వెడలునపుడు శ్రీరామునకు ఇది యెదురయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఆ కథల ప్రామాణ్యమును విచారించుట ఇచట మన పని కాదు. ఆచారములోని యొక యంశము మాత్రము గమనింపదగియున్నది. పాలపిట్ట గుడిలో నుండదు, ఇంటిలో నుండదు. దానిని చూడగోరువాడు ఊరు విడిచి, పొలిమేర దాటి, చేనిగట్లవెంట నడచి, తలయెత్తి చెట్లకొమ్మలను పరికింపవలెను. ఈ నియమమును పెట్టిన మహానుభావుడెవ్వడో గాని, ఏడాదికొక్క సాయంకాలమైనను ఆబాలవృద్ధమును పక్షిని వెదకుటకై పొలములోనికి నడిపించినాడు. పాశ్చాత్యులు పక్షులను చూచుటను వినోదముగను శాస్త్రముగను పెంపొందించిరని మనవారు మెచ్చుకొనుచుందురు. మెచ్చుకొనవలసినదే. కాని మన పల్లెలలో ఆ వినోదము పండుగవిధిగనే యుండెను.

నేడు ఆ విధి తలక్రిందయినది. వరంగల్లులో ఉర్సుగుట్టకడ రంగలీల మైదానమునకు రావణవధను చూడబోవు వేలకొలది జనులలో పొలముగట్టు త్రొక్కువారెందరు? పట్టణము పెరిగినది, పొలము దూరమైనది; మనుష్యుడు పక్షికడకు పోవుట మాని పక్షినే తనకడకు తెప్పించుకొనుచున్నాడు. దసరాకు కొన్నిదినములు ముందుగనే ఉచ్చులు పన్ని పాలపిట్టలను పట్టి, ఎగిరిపోకుండ రెక్కల యీకలను కత్తిరించియో, జిగురుతో అంటించియో, కాళ్లకు దారము కట్టియో, పంజరములలో పెట్టి తెచ్చి, దర్శనమునకింతయని డబ్బు పుచ్చుకొనుట తెలంగాణపు పట్టణములలో కొన్నియేండ్లుగా సాగుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమునుబట్టి పాలపిట్టను పట్టుటయు బంధించుటయు నేరము. అటవీశాఖవారు పంజరములను అప్పుడప్పుడు స్వాధీనము చేసికొనుచునేయున్నారు. అయినను, ఈకలు పోయిన పక్షిని పంజరమునుండి విడిచినంతమాత్రమున అది బ్రతికినట్లు కాదు. కొమ్మమీదనుండి దుమికి పురుగును పట్టుకొన్నగాని దానికి తిండి లేదు. క్రొత్త యీకలు మొలచువరకు దానిని పోషించువారెవరు?

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు పాలపిట్టనే రాష్ట్రపక్షిగా వరించుకొంటిమి. కర్ణాటకమునకును ఒడిశాకును గూడ ఇదియే రాష్ట్రపక్షి. మూడు రాష్ట్రములు పట్టముగట్టిన పక్షి పండుగనాడు చిల్లరడబ్బులకు వీథిలో చూపబడుచున్నది. పట్టి తెచ్చువాడు తరచుగా నిరుపేద. వానిని తిట్టుట సులభము. డబ్బిచ్చి కన్నుల కద్దుకొనువాడు లేనిచో వాని పంజరమునకు పని లేదని చెప్పుటయే కొంచెము కష్టము.

ఇంతకు ఆ పక్షి యెట్టిది? కూర్చున్న పాలపిట్టను మొదటిసారి చూచినవాడు కొంత నిరాశపడును. ఇంచుమించు పావురమంత పిట్ట. పెద్దతల, పొట్టిమెడ, బలమైన ముక్కు. వీపు మట్టిరంగు, రొమ్ము ఎరుపు కలసిన గోధుమవన్నె. విద్యుత్తు తీగెమీద చాలసేపు కదలకుండ కూర్చుండును. ఎగిరినదా, ఆ మట్టిముద్దనుండి రెండు నీలములు, ఒకటి లేత ఆకాశపు నీలము, ఒకటి చిక్కని సముద్రపు నీలము, పట్టెలు పట్టెలుగా విచ్చుకొనును. వాలగనే మరల మాయమగును. పంజరములో రెక్క విప్పలేని పాలపిట్టను చూచినవాడు పాలపిట్టను చూడలేదనియే చెప్పవలెను.

సంస్కృతనిఘంటువులలో దీనికి చాషమనియు కికీదివియనియు పేర్లు. ఉత్తరాదివారు నీలకంఠమందురు. విచిత్రమేమన, కంఠమున నీలము లేనేలేదు. అచట నున్నది తెల్లని గీతలుగల ఊదావన్నె. శివుని పేరు దీనికెట్లు తగులుకొన్నదో గాని మన తెలుగుపేరు మాత్రము పశువుల కొట్టములో పుట్టినది. 19వ శతాబ్దిలో నెల్లూరున వైద్యుడుగా నుండి తెలుగుదేశపు పక్షులను పరిశీలించిన జెర్డన్ అను ఆంగ్లేయుడు ఆ సంగతి వ్రాసియుంచినాడు. దీని యీకలను తరిగి గడ్డిలో కలిపి ఆవునకు పెట్టినచో పాలు హెచ్చునని రైతుల నమ్మకమట. అందుచేత పాలపిట్ట యయ్యెనట. ఆవు సంగతి ఆవునకే తెలియవలెను. పిట్టకు మాత్రము ఈ కీర్తివలన మేలు కలిగియుండదు.

ఈకలకొరకు దీనిని చంపించినవారు సముద్రమున కావల ఇంకను ఎక్కువగా నుండిరి. 19వ శతాబ్ది చివర ఐరోపాలోని దొరసానుల టోపీల అలంకారమునకై మన దేశమునుండి పాలపిట్టల ఈకలును, లకుముకిపిట్టల చర్మములును ఓడలకెక్కెను. 1887లో ఆంగ్లప్రభుత్వము చేసిన అడవిపక్షుల శాసనము గ్రుడ్లుపెట్టు ఋతువులో, అదియు పురములయు దండుప్రదేశములయు హద్దులలో, అమ్మకమును అరికట్టబూనినది. ఈకల యెగుమతికి నిషేధము 1902లో గాని రాలేదు. పాలకులు అంతవరకు ఊరకుండుటకు కారణమును పాఠకులే యూహింపగలరు.

ఆ నీలమును గూర్చి యొక మాట. అది రంగుపదార్థము కాదు. చంద్రశేఖర వేంకటరామన్ గారు 1934లో పక్షుల యీకల వన్నెలపై వ్రాసిన వ్యాసములో పాలపిట్ట యీకనే పరీక్షకు తీసికొనిరి. ఈకలోని పోగులయందు కంటికందనంత సూక్ష్మమైన నిర్మాణమున్నది. తనపై పడిన వెలుతురులోని నీలమును అది వెనుకకు త్రిప్పుచున్నది. ఈకను నూరి ఆ నిర్మాణమును చెరచినచో నీలము పోయి మసకరంగు మిగులును. ఆకాశపు నీలమును, సముద్రపు నీలమును విచారించిన మేధావికి మన చేనిగట్టుమీది పిట్ట గూడ విచారణీయమైనదనుట వరంగల్లు విద్యార్థులు తెలిసికొనదగిన విషయము.

ఎండలు ముదురుచుండగా, మార్చి మొదలు, ఈ నిశ్చలమైన పక్షికి ఉన్మాదము పట్టును. మగపక్షి నిటారుగా పైకెగసి, రెక్కలు ముడిచి తలక్రిందుగా పడి, నడుమ ఇటునటు దొర్లుచు, గొంతు చీల్చుకొని యరచుచు, నేలకు తగులునేమో యనునంతలో మరల లేచును. ఆంగ్లభాషలో దీనికి 'రోలర్' అను పేరు ఆ దొర్లుటనుండియే వచ్చినది. దాని కంఠధ్వనిలో మాధుర్యము లేదు. ఎండిన కొయ్యను విరుచుచున్నట్లుండును. కాని ఎర్రని యెండలో ఆ నీలము అట్లు చిందులు త్రొక్కుచుండగా కోకిల పాటకొరకు చెవియొగ్గువాడుండడు. ఈ నృత్యమును చూచుటకు రుసుము లేదు. ఉదయము ఆరు గంటలకు లేచి ఊరి వెలుపల చెరువుగట్టుమీద కూర్చుండు ఓపిక చాలును. దుర్భిణి యున్న మంచిదే, లేకున్నను లోపము లేదు.

పాలపిట్ట పుల్లలతో గూడు కట్టదు. వడ్రంగిపిట్టవలె చెట్టును తొలుచు ముక్కును దానికి లేదు. కొమ్మ విరిగి కుళ్లిన చోటు, ఇతరపక్షులు విడిచిన తొర్ర, తల రాలిపోయిన తాటిమోడు, ఒకానొకప్పుడు పాతగోడలోని రంధ్రము - ఇవి దాని పురిటిండ్లు. లోపల కొంచెము గడ్డియో ఈకలో పరచిన పరచును, లేకున్న లేదు. మూడు మొదలు ఐదువరకు గ్రుడ్లు. తళతళలాడు తెలుపు, గుండ్రని యాకారము. నేలమీద గ్రుడ్లుపెట్టు చితుకపిట్టకు మట్టిరంగు, మచ్చలు అవసరము. చీకటితొర్రలో దాచుకొను పక్షికి వన్నెలతో పనియేమి? ఆలుమగలిద్దరును వంతులవారీగా 17 మొదలు 19 దినములు పొదుగుదురు. మొదటి గ్రుడ్డు పెట్టినదే తడవుగా పొదుగుట ప్రారంభింతురు గనుక పిల్లలన్నియు ఒక్కనాడు పుట్టవు. ఒకే తొర్రలో అన్నయు, పసిగ్రుడ్డును గలరు. తిండి చాలిన యేడు అందరును పెరుగుదురు. చాలని యేడు కడపటిది నిలువదు.

తొర్రకు దూరముగా, చెట్టునీడలో కూర్చుండి ఈ దంపతుల రాకపోకలను చూచుటకంటె తీరికగల పూర్వాహ్ణమునకు మంచి వినియోగము లేదు. మిడుత, పేడపురుగు, కీచురాయి, తొండపిల్ల, చిన్నకప్ప, కడకు తేలు సహితము - ఒక్కొక్కదానిని కొమ్మకు కొట్టి మెత్తబరచి లోనికి తీసికొనిపోవుదురు. ఆడమగలకు రూపభేదము లేదు. వచ్చినది తల్లియో తండ్రియో చెప్పలేము. కాకి సమీపించినచో దానిపై విరుచుకొనిపడుదురు. కుక్కను గూడ లెక్కచేయరు. ఇంచుమించు నెలదినములు తొర్రలో పెరిగి పిల్లలు బయటికి వచ్చును. చూచువారు గ్రుడ్లను లెక్కపెట్టవలెనని తొర్రలో చేయిపెట్టుట కూడదు. లెక్క తప్పిపోయిన నష్టములేదు, పక్షులు బెదరి గూడు విడిచిన తీరని నష్టము.

వరంగల్లు ప్రాంతము తాళ్లకు ఈదులకు పుట్టినిల్లు. కల్లు గీయుటకు పనికిరాని మోడును రైతు వంటచెరకునకో దూలమునకో నరికివేయును, అతనికది చచ్చినచెట్టు. చచ్చినతాడు పాలపిట్టకు, చిలుకకు, గోరువంకకు ఇల్లు. బ్రతికిన తాటియాకు గిజిగానికి నార. జూన్ వానలు పడగనే మగగిజిగాడు తలపై పసుపువన్నె దాల్చి, తాటియాకునుండియు గడ్డినుండియు పొడవైన చీలికలను చించి తెచ్చి, వ్రేలాడు గూటిని అల్లును. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీగారు 1930లో బొంబాయి తీరమునందలి కిహిం గ్రామములో కూర్చుండి ఈ పక్షులను పరిశీలించి కనుగొన్న సంసారరహస్యము రుచికరమైనది. మగపక్షి గూటిని సగమువరకు, శిరస్త్రాణము ఆకారమునకు వచ్చువరకు అల్లి ఆపును. అంతట ఆడపక్షులు వచ్చి, లోపల దూరి, పోగులు లాగి పరీక్షించును. నచ్చినచో ఒకతె కాపురమునకు దిగును, మగడు మిగిలిన సగమును పూర్తిచేయును. ఆమె గ్రుడ్లపై కూర్చుండగనే ఆ ఘనుడు మరియొక గూటికి పునాది వేయును. నచ్చని గూళ్లు అట్లే సగములో నిలిచిపోవును. బావిపై వంగిన తుమ్మకొమ్మకు వ్రేలాడు సగపుగూళ్లను చూచి, పిట్టకు బద్ధకమనుకొనువారు గలరు. అది బద్ధకము కాదు, వధువు నిరాకరణము. గూటిలో వెలుతురునకు మిణుగురుపురుగులను మట్టిలో అంటించుననుట కట్టుకథ. మట్టిమాత్రము నిజముగనే అంటించును.

ఆ సాలిం అలీగారే 1931-32లో నైజాము రాజ్యమంతటను తిరిగి పక్షులను పరిశీలించి, ఆ వివరములను బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. అప్పుడు ఒక పండితుడు, కొందరు సహాయులు. నేడు ఆ పని సామాన్యులచేతికి వచ్చినది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారము సుమారు 30,000 మంది ఔత్సాహికులు వ్రాసిపెట్టిన మూడుకోట్ల పరిశీలనలు. పాలపిట్ట సంఖ్య సుమారు పండ్రెండేండ్లలో 30 శాతమునకు మించి తగ్గినదని ఆ నివేదిక చెప్పుచున్నది; ప్రపంచపు ప్రమాదస్థజీవుల పట్టికలో దీని స్థానమును మరల విచారింపవలెనని గూడ సూచించుచున్నది. తీగెతీగెకు కనబడు పిట్ట తగ్గుచున్నదన్న సంగతిని ఎవ్వడో యొక పండితుడు కలగనలేదు. వేలమంది చూచి, వ్రాసి, కూడిక వేసిరి. పురుగుమందు తడిసిన పత్తిచేనిలో పురుగును తిని బ్రతుకు పక్షికి విందు దొరకదు. మోడులు లేని గట్టున పురుడు దొరకదు. పైపెచ్చు పండుగ పంజరము.

ఓరుగల్లు కోటచుట్టును నేటికిని పొలములున్నవి. వరంగల్లునుండి నర్సంపేటమీదుగా పాకాలకు సుమారు 50 కిలోమీటర్లు. 13వ శతాబ్దిలో కాకతి గణపతిదేవుని కాలమున కట్టిన చెరువది, దాని చుట్టును అడవి 1952లో అభయారణ్యమైనది. అచట పాలపిట్ట ఒక్కటియే కాదు. తేలు గూటిలో గ్రుడ్లుపెట్టు బుడుబుంగ, గూటిని విడిచి పోవునపుడు నాచుతో గ్రుడ్లను కప్పి పోవును. తామరాకులపై పొడుగువ్రేళ్లతో నడచు జకానాలలో మగవాడే గ్రుడ్లు పొదిగి బిడ్డలను సాకును. ఆడది మరియొక మగని వెదకుకొని పోవును. మన స్మృతికారులు ఈ చెరువువైపు వచ్చినట్లు లేదు.

రాబోవు దసరాకు సాయంకాలము జనసమ్మర్దమువరకు ఆగక, తెల్లవారుజామున పిల్లలను వెంటబెట్టుకొని ఊరిబయటికి నడువుడు. కోతకు వచ్చుచున్న చేలప్రక్క ఒంటరి తీగెలను, మోడులను, చెరువుగట్టు తాళ్లను చూడుడు. వేసవిలో తొర్రవీడిన పిల్లలు ఆ నాటికి స్వతంత్రముగ వేటాడుచుండును. వాని రంగు పెద్దవానికంటె కొంచెము వెలవెలబోయియుండును. కనబడినచోట తేదిని, వేళను, ఊరిపేరును, ఎన్ని పిట్టలో ఆ సంఖ్యను ఒక చిన్న పుస్తకములో వ్రాయించుడు. ఒక్కటియు కనబడని యెడల సున్న వ్రాయించుడు. ఆ సున్నయు లెక్కలోనికి వచ్చును.