పాలగడ్డ అనుకొని పట్టు వేయకండి

కొన్నేళ్ల క్రితం ముప్పై ఒక్క సంవత్సరాల యువతి ఒకామె ఆరు నెలల పసివాణ్ణి ఎత్తుకొని నా వైద్యశాలకు వచ్చింది. ఆమె నోరు విప్పకముందే అత్తగారు అందుకొని, “పాలగడ్డ కట్టిందండీ. నొప్పేమీ లేదు గానీ కరగడం లేదు. మంచి పట్టు ఏదైనా చెప్పండి” అన్నది.

ఉమ్మెత్తాకు, పసుపు కలిపి నూరి పట్టు వేయించాను. కాపడం పెట్టుకోమన్నాను. పదిహేను రోజులకు కనిపించమంటే వారు మూడు నెలలకు వచ్చారు. గడ్డ గట్టిపడింది, కదలడం లేదు. చంకలో మరొకటి చేతికి తగిలింది. ఆనాడే పెద్దాసుపత్రికి పంపాను. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. శస్త్రచికిత్స, మందులు జరిగి ఆమె కోలుకున్నది. కాని ఆ మూడు నెలల జాప్యంలో నా బాధ్యత కూడా ఉన్నది. ఇంత చిన్న వయసులో, అందులోనూ పాలిచ్చే తల్లికి, ఈ వ్యాధి ఎందుకు వస్తుందని నేను ధీమాపడ్డాను.

నిజానికి నేను చదివిన శాస్త్రమే నన్ను హెచ్చరించి ఉండవలసింది. సుశ్రుత సంహిత నిదానస్థానం పదకొండవ అధ్యాయాన్ని మా గురువుగారు మాచేత పలుమార్లు వల్లె వేయించారు. అర్బుదం గుండ్రంగా, కదలక, లోతుగా వేళ్లూని, నెమ్మదిగా పెరుగుతుందనీ, నొప్పి స్వల్పమనీ, పక్వానికి రాదనీ అందులో ఉన్నది. నొప్పి లేదన్న మాట విని నేను నిశ్చింత పడ్డాను. అనుమానించవలసింది అక్కడే.

ఈ వ్యాధి చిన్న వయసు స్త్రీలలో పెరుగుతున్నది. అమెరికాలో 2012 నుండి 2021 వరకు యాభై ఏళ్ల లోపు వారిలో ఏటా సుమారు 1.4 శాతం చొప్పున హెచ్చింది. ఆపై వయసు వారిలో ఆ హెచ్చుదల అందులో సగమే. మన దేశంలో 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సరు సోకిందనీ, 98,000 మంది మరణించారనీ అంచనా. పాశ్చాత్య దేశాల కంటే మన స్త్రీలలో ఇది దాదాపు పదేళ్లు ముందుగా కనిపిస్తున్నది. మన జనాభాలో యువత అధికం కావడం అందుకు ఒక కారణం.

త్వరగా రజస్వల కావడం, ఆలస్యంగా తొలికాన్పు, తక్కువ కాన్పులు, బిడ్డకు కొద్దికాలమే పాలివ్వడం, మద్యపానం ఈ వ్యాధి అవకాశాన్ని పెంచుతాయి. కొన్ని వంశాలలో బి.ఆర్‌.సి.ఎ. అనే జన్యువులలోని లోపం సంక్రమిస్తుంది. తల్లికి గాని, తోబుట్టువుకు గాని చిన్న వయసులో ఈ వ్యాధి వచ్చి ఉంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పాలి.

సోదరీమణులు భయపడనక్కరలేదు. చిన్న వయసులో వచ్చే గడ్డలలో అత్యధికం క్యాన్సరు కావు. అయితే ఏది అవునో, ఏది కాదో చేతి స్పర్శతో నిర్ణయించరాదు. ఒక నెలసరి గడిచినా గడ్డ తగ్గకపోయినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి లాగుకున్నా, రక్తం స్రవించినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాలిచ్చే తల్లులు రెండు వారాలకు మించి ఆగరాదు. స్కానింగ్, సూది పరీక్ష వారికీ చేయవచ్చు, పాలు మాన్పించనక్కరలేదు. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు రొమ్ము పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. సిగ్గుపడక అడిగి చేయించుకోండి.

క్యాన్సరని తేలితే దానిని కరిగించే లేపనం గాని, కషాయం గాని నా వద్ద లేదు. పథ్యం, నిద్ర, మనోధైర్యం విషయంలో మా వంటి వారు తోడుగా నిలువగలం. కీమోథెరపీ సాగుతున్నప్పుడు మాత్రం అక్కడి వైద్యునికి చెప్పకుండా మూలికలు, భస్మాలు వాడరాదు.

నేటికీ పట్టు కోసం నా వద్దకు వచ్చేవారున్నారు. “ముందు పరీక్ష కాగితం తీసుకొని రా తల్లీ, పట్టు సంగతి తరువాత చూద్దాం” అని చెప్పి పంపుతున్నాను.