చెమట ఎడారిలో.. ఖాతా ఎవరి పేరిట?

జగిత్యాల: ఏ దేశానికి వెళ్ళినా ఇక్కడి పల్లెల్లో 'దుబాయి పోయిండు' అనే అంటారు. సౌదీ అయినా, మస్కట్ అయినా, కువైట్ అయినా అన్నీ దుబాయే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో దుబాయి వెళ్ళిన మనిషి లేని ఊరు అరుదు. వీసాకు ఎంత, టిక్కెట్టుకు ఎంత అని పదిమందిని అడిగి తెలుసుకునేవారు కూడా, సంపాదించిన డబ్బు ఎక్కడ దాచుకోవాలి, ఎవరి పేరిట పంపాలి అన్నది మాత్రం ఎవరినీ అడగడం లేదు. ఏళ్ళ తరబడి కష్టపడి వచ్చినవారు ఉత్త చేతులతో మిగలడానికి ఇదొక పెద్ద కారణం.

కార్డు ఉన్నంతవరకే ఖాతా

పరాయి దేశంలో బ్యాంకు ఖాతా మనిషిని చూసి ఇవ్వరు. నివాస కార్డును చూసి ఇస్తారు. సౌదీలో దానిని ఇకామా అంటారు, కువైట్‌లో సివిల్ ఐడీ అంటారు. సౌదీలో ఇకామా గడువు తీరితే బ్యాంకు ఖాతాను నిలిపివేస్తుంది. కార్డును పొడిగించవలసినవాడు యజమాని. అతడు ఆ పని చేయకపోతే నష్టం మాత్రం కార్మికునిది. ఖాతాలో సొమ్ము ఉన్నా చేతికి రాదు. అందుకే అవసరానికి మించిన డబ్బును అక్కడి ఖాతాలో నెలల తరబడి ఉంచడం మంచిది కాదు.

జీతాలను బ్యాంకుల ద్వారానే చెల్లించాలన్న పద్ధతిని ఎమిరేట్స్ 2009లో, సౌదీ 2013లో, ఖతార్ 2015లో తెచ్చాయి. దీనివల్ల జీతం ఎగవేస్తే కార్మికుని చేతిలో రుజువు ఉంటుంది. కాని చదువు రాని కార్మికులు కొందరు కార్డును, రహస్య నంబరును కలిపి మేస్త్రీ చేతికో, గదిలోని మరొకరి చేతికో ఇచ్చేస్తున్నారు. అలా ఇస్తే చట్టం కల్పించిన రక్షణను చేతులారా వదులుకున్నట్లే.

ఇళ్ళలో పనిచేసే స్త్రీల పరిస్థితి మరీ కష్టం. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళినవారిలో వీరు ఎక్కువ. కువైట్ 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం చేసింది. 2016లో కనీస జీతాన్ని 60 దినార్లుగా నిర్ణయించింది. అయినా జీతం చేతికి ఇచ్చే ఇంట్లో లెక్క రాసుకోకపోతే, ఎన్ని నెలలది బాకీ ఉందో చెప్పడానికి ఆధారం ఉండదు.

వడ్డీకే చాలని సంపాదన

వెళ్ళేముందు చేసిన అప్పును మరచి ఇల్లు మొదలుపెట్టడం మరో పొరపాటు. లక్షన్నర రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ. 4,500 వడ్డీ అవుతుంది. జీతం వెయ్యి దిర్హాములు, తిండికి మూడు వందలు పోను మిగిలేది ఏడు వందలు. దిర్హాముకు 24 రూపాయల చొప్పున లెక్క వేస్తే అది రూ. 16,800. మొత్తం అప్పుకే కడితే పదకొండు నెలల్లో తీరిపోతుంది. వడ్డీ మాత్రమే కడుతూ పోతే రెండేళ్ళలో రూ. 1,08,000 కట్టినా అసలు అలాగే నిలిచి ఉంటుంది.

పంపే దారిలోనూ కోతలున్నాయి. ప్రతిసారీ ఫీజు ఉంటుంది కనుక నెలకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పంపేకంటే ఒక్కసారి పంపడం లాభం. ఫీజు లేదని చెప్పేచోట రూపాయి రేటులో కోసుకుంటారు. చివరకు ఇంటికి ఎన్ని రూపాయలు చేరుతాయన్నదే చూసుకోవాలి. హుండీ దారిలో గంటలో డబ్బు ఇంటికి చేరుతుందన్నది నిజమే. కాని అది చట్టవిరుద్ధం. రసీదు ఉండదు. మధ్యలో ఉన్నవాడు పరారైతే ఫిర్యాదు చేయడానికి కూడా కాగితం ఉండదు.

సొమ్ము ఒకరిది, సంతకం మరొకరిది

ఈ ప్రాంతానికి చెందిన ఒక కార్మికుడు ఎనిమిదేళ్ళపాటు తన సంపాదనను అన్న ఖాతాకు పంపాడు. తిరిగి వచ్చేసరికి చెల్లె పెళ్ళి అయింది, బోరు పడింది, అన్న పేరిట రెండెకరాల పొలం కూడా వచ్చింది. లెక్క అడిగితే అన్నదమ్ముల మధ్య మాటలు నిలిచిపోయాయి. బ్యాంకుకు వెళితే, ఖాతా ఎవరి పేరిట ఉందో వారికే వివరాలు చెబుతామన్నారు. బ్యాంకు తప్పేమీ లేదు. నియమం అదే.

దీనికి చట్టంలోనే మార్గం ఉంది. ఉద్యోగం కోసం విదేశం వెళ్ళినవారు ఎన్నారై ఖాతాలు తెరవవచ్చు. వీటిలో ముఖ్యమైనవి రెండు. అక్కడి సంపాదనను ఎన్నారీ ఖాతాలో వేసుకోవచ్చు. ఆ వడ్డీపై ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. సొమ్మును మళ్ళీ విదేశానికి తీసుకుపోవచ్చు. ఇక్కడి అద్దె వంటి ఆదాయానికి ఎన్నారో ఖాతా. దాని వడ్డీపై పన్ను ఉంటుంది. వెళ్ళకముందు ఉన్న మామూలు పొదుపు ఖాతాను ఎన్నారోగా మార్పించుకోవాలని విదేశీ మారక చట్టం నియమాలు చెబుతున్నాయి. ఈ సంగతి తెలియక చాలామంది పాత ఖాతానే వాడుతున్నారు.

ఖాతా తన పేరిట ఉంటే ఇల్లు ఎలా గడుస్తుందన్న భయం అవసరం లేదు. ఇంటి ఖర్చులు తీసుకోవడానికి భార్యకో, తండ్రికో అధికార పత్రం ఇవ్వవచ్చు. నెల ఖర్చుకు సరిపడా మాత్రమే వారి ఖాతాకు మళ్ళించి, మిగిలినది తన ఖాతాలో నిలుపుకోవచ్చు. నామినీ పేరు తప్పనిసరిగా రాయించాలి. పరాయి గడ్డపై ప్రాణం పోతే, ఆ ఒక్క పేరు లేనందువల్ల భార్యాపిల్లలు కాగితాల కోసం తిరగవలసి వస్తుంది.

వచ్చేటప్పుడు తొందర వద్దు

పని ముగించి వచ్చేవారు అక్కడి ఖాతాను వెంటనే మూసివేయరాదు. ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఏడాది పూర్తిచేసిన కార్మికునికి, మొదటి అయిదేళ్ళకు ఏటా 21 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. అది జమ అయిన తరువాతే ఖాతా మూయాలి. బ్యాంకు అప్పు, క్రెడిట్ కార్డు బాకీ మిగిలితే మళ్ళీ ఆ దేశంలో దిగినప్పుడు చిక్కులు తప్పవు. ఊరికి వచ్చి స్థిరపడ్డాక ఇక్కడి బ్యాంకుకు ఆ సంగతి తెలియజేసి ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి.

పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజే బ్యాంకు మెట్లు ఎక్కడం ఈ ప్రాంత యువకులకు అలవాటు కావాలి. వలస ఎక్కువగా ఉన్న మండలాల్లోని బ్యాంకు శాఖలు ఈ ఖాతాల వివరాలను తెలుగులో గోడపై రాయించి, వెళ్ళేవారికి, వారి భార్యలకు కలిపి ఒక్క పూట విడమరచి చెప్పినా ఎన్నో కుటుంబాలు తగవుల నుంచి బయటపడతాయి.