తుపాకి చప్పుడుకు చెవి ఒగ్గిన నగరాలు

మెరుపు మెరిసినది మొదలు ఉరుము వినబడే దాకా అంకెలు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పగల పెద్దలు సరిహద్దు పల్లెలలో నేటికీ ఉన్నారు. వెలుగు చూస్తుండగానే చేరుతుంది. శబ్దం మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల వంతున నడచి వస్తుంది. మెరుపుకూ ఉరుముకూ నడుమ మూడు సెకన్లు గడిస్తే పిడుగు కిలోమీటరు దూరాన పడినట్లు లెక్క. శబ్దపు నడకకు సంబంధించిన ఈ పాత లెక్క మీదనే ఆధారపడి, తుపాకి పేలిన చోటును నిమిషం లోపల పోలీసులకు తెలిపే యంత్రాంగం ఒకటి అమెరికాలోని పలు నగరాలలో వెలసింది.

పిల్లలు చదువులకో కొలువులకో ఆ దేశం వెళ్లిన ఇళ్లలో, కాల్పుల వార్త వినవచ్చినప్పుడల్లా “అక్కడి పోలీసులకు వెంటనే తెలియదా?” అన్న ప్రశ్న వస్తుంది. తెలియడం ఒక సంగతి. తెలిసినందువల్ల నేరం తగ్గడం మరొక సంగతి. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే అక్కడ కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

ఈ విద్య పుట్టినది నగరాలలో కాదు, యుద్ధరంగంలో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915 నుండి, విలియం లారెన్స్ బ్రాగ్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త బ్రిటిష్ సైన్యం కోసం శత్రు ఫిరంగులు దాగిన చోట్లను వాటి మోతను బట్టి కనిపెట్టే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆ ఏడే ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది, అది వేరే పరిశోధనకు. 1990ల్లో కాలిఫోర్నియాలో రాబర్ట్ షోవెన్ మొదలైనవారు ఇదే పద్ధతిని వీధులలోని తుపాకులకు అన్వయించారు. 1996లో షాట్‌స్పాటర్ అనే సంస్థ ఏర్పడింది. 2023లో అది సౌండ్‌థింకింగ్ అని పేరు మార్చుకున్నది.

పని తీరు ఇది. ఇళ్ల కప్పుల మీద, వీధి దీపాల స్తంభాల మీద మైక్రోఫోన్లు గల సెన్సర్లను చదరపు మైలుకు సుమారు 20 నుండి 25 వరకు అమరుస్తారు. వాటి గడియారాలన్నీ ఉపగ్రహాల సాయంతో ఒకే కాలాన్ని చూపుతుంటాయి. ఎక్కడో తుపాకి పేలుతుంది. దగ్గరి సెన్సరు ముందు వింటుంది. రెండవది అర సెకను ఆలస్యంగా విన్నదనుకుంటే, తుపాకి మొదటిదానికంటే రెండవదానికి 170 మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నదన్నమాట. ఆ తేడాకు సరిపడే చోట్లన్నీ కలిసి ఒక వంపు గీతగా ఏర్పడతాయి. మూడవ సెన్సరు విన్న సమయాన్ని కూడా కలిపితే మరొక గీత వస్తుంది. ఆ గీతలు కలిసే చోట తుపాకి పేలినట్లు. అందుకే కనీసం మూడు సెన్సర్లైనా వినాలి. కంప్యూటరు దానిని తుపాకి మోత కావచ్చునని తలిస్తే, సంస్థ కార్యాలయంలోని ఉద్యోగి ఆ శబ్దాన్ని విని నిర్ధారిస్తాడు. ఆ పిమ్మట గస్తీ పోలీసుల ఫోనుకు పటంతో సహా సమాచారం అందుతుంది.

చిక్కంతా ఆ నిర్ధారణలోనే ఉన్నది. టపాకాయ, లారీ సైలెన్సరు పేలుడు, మేకులు కొట్టే యంత్రం, ఇవన్నీ తుపాకి లాగానే హఠాత్తుగా మోగుతాయి. ఎత్తయిన భవనాల గోడలకు తగిలి ప్రతిధ్వనులు లెక్కను తప్పిస్తాయి. కుప్పం, కృష్ణగిరి ప్రాంతాలలో ఏనుగులను తరమడానికి టపాకాయలు కాల్చే రాత్రులలో, ఏది ఏ పొలం నుండి వచ్చిందో అక్కడి రైతులకే ఒక్కొక్కసారి తెలియదు. జులై 4 నాటి స్వాతంత్ర్య దినోత్సవ రాత్రి అమెరికా నగరాలలో ఈ యంత్రం పరిస్థితి కూడా అటువంటిదే.

అయినా నగరాలు దీనిని కోరుకోవడానికి బలమైన కారణం లేకపోలేదు. వాషింగ్టన్, ఓక్లాండ్ నగరాల సమాచారాన్ని పరిశీలించి జెనిఫర్ డోలియాక్, జిలియన్ కార్ 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, యంత్రం పసిగట్టిన కాల్పులలో సుమారు 12 శాతానికి మాత్రమే 911 నంబరుకు ఫోను వెళ్లింది. తక్కినవి ఎవరూ చెప్పలేదు. భయం, విసుగు, “మనకెందుకు” అన్న ధోరణి, పోలీసుల మీద అపనమ్మకం, కారణాలు ఏవైనా కావచ్చు. సాక్ష్యానికి పిలుస్తారని జడిసి దొంగతనం చూసి కూడా తలుపు మూసుకునే ఊళ్లు మన వైపునా ఉన్నవే.

వీధిలో రక్తమోడుతూ పడి ఉన్న మనిషికి ఒక్కొక్క నిమిషం విలువైనది. న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్ నగరంలో వైద్యులు జరిపిన అధ్యయనంలో, యంత్రం కబురందించినప్పుడు క్షతగాత్రులు ఆసుపత్రికి త్వరగా చేరినట్లు తేలింది. అయితే మరణాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా మాత్రం ఆ అధ్యయనంలో కానరాలేదు.

ఈ వివాదమంతా ముదిరినది చికాగోలో. 2018లో ఆ నగరం మూడేళ్లకు 3.3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. సెన్సర్లు వెలసినది ప్రధానంగా నల్లజాతివారు, లాటినో ప్రజలు నివసించే దక్షిణ, పశ్చిమ ప్రాంతాలలో. కాల్పులు ఎక్కువగా జరిగేది అక్కడేనని అధికారులు అన్నారు. పోలీసు వాహనాలు ఇరవైనాలుగు గంటలూ తమ గుమ్మాల ముందుకే వస్తున్నాయని విమర్శకులు అన్నారు. రెండూ నిజమే.

2021 ఆగస్టులో నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం నివేదిక ఇచ్చింది. 2020 జనవరి నుండి 2021 మే వరకు తుపాకి మోతగా నిర్ధారించి పంపిన హెచ్చరికలు 50,176. వాటిలో పోలీసులకు తుపాకి నేరానికి సంబంధించిన ఆధారం దొరికినవి 4,556, అనగా నూటికి తొమ్మిది. ఆధారం దొరకనంత మాత్రాన కాల్పులు జరగలేదనరాదని సంస్థ వాదించింది. ఆ వాదనలో పస ఉన్నది, కాల్చినవాడు పారిపోతాడు, ఖాళీ తూటాలు చీకటిలో కనబడవు. కాని తమ యంత్రం 97 శాతం కచ్చితమైనదని సంస్థ చెప్పుకునే అంకెను మాత్రం జాగ్రత్తగా చదవవలసి ఉన్నది. పోలీసులు తిరిగి కబురు చేసి “ఇది తప్పు” అన్నవే అందులో తప్పులుగా చేరాయి. ఎవరూ ఏమీ చెప్పనివన్నీ ఒప్పుల ఖాతాలో పడ్డాయి. ఫిర్యాదు రాలేదు కనుక సరుకు మంచిదే అని అంగడివాడు అనడం వంటిదే ఇది.

న్యూయార్క్‌లో 2024లో కంప్ట్రోలర్ కార్యాలయం జరిపిన తనిఖీలో కూడా ఇంచుమించు ఇదే ధోరణి కనబడింది. 2023 జూన్ నెలలో పోలీసులు హాజరైన 940 హెచ్చరికలలో కాల్పులుగా రుజువైనవి 122.

నేరం తగ్గిందా అన్న అసలు ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు 2021లోనే వచ్చింది. 1999 నుండి 2016 వరకు 68 పెద్ద కౌంటీల లెక్కలు పరిశీలించిన అధ్యయనం, ఈ యంత్రాల వల్ల తుపాకి హత్యలలో గాని అరెస్టులలో గాని గణనీయమైన మార్పు లేదని తేల్చింది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. యంత్రం వినేది పేలిన తరువాతనే. తుపాకి ఆ చేతికి ఎలా వచ్చింది, పగ ఎక్కడ మొదలయింది అన్నవి దానికి వినబడవు.

హెచ్చరికకు మరొక ముఖం ఉన్నది. ఆ కబురు మీద వచ్చే పోలీసు అధికారి ఎదురుగా తుపాకి ఉన్నదన్న నమ్మకంతోనే వస్తాడు. 2021 మార్చిలో చికాగోలో అటువంటి హెచ్చరిక మీద వచ్చిన అధికారి వెంటాడి కాల్చగా 13 ఏళ్ల బాలుడు మరణించాడు. బాలుని వద్ద తుపాకి ఉండినదని అధికారులు తెలిపారు. కాల్చిన క్షణాన అతని చేతులు ఖాళీగా పైకెత్తి ఉన్నట్లు వీడియోలో కనబడింది.

2024 ఫిబ్రవరిలో చికాగో మేయర్ బ్రాండన్ జాన్సన్ ఒప్పందాన్ని ఇక పొడిగించబోమని ప్రకటించారు. పోలీసు అధిపతి లారీ స్నెల్లింగ్ యంత్రాన్ని ఉంచాలన్నారు. కాల్పులు జరిగే వార్డుల ప్రతినిధులలోనే పలువురు అదే కోరారు. తమ వీధిలో పడిపోయినవారిని ఎవరు గుర్తిస్తారన్నది వారి ఆవేదన. నగర సభలో అధిక సంఖ్యాకులు ఉంచాలనే ఓటు వేసినా మేయర్ వినలేదు. ఆ ఏడు సెప్టెంబరు 22న సెన్సర్లు మూగబోయాయి. ఆ తరువాతి ఏడాది అక్కడ హత్యలు బాగా తగ్గాయి. అలాగని దానిని యంత్రం తీసివేసిన ఫలితమనడం కూడా తొందరపాటే, ఆ కాలంలో అమెరికా అంతటా హత్యలు తగ్గుముఖం పట్టాయి.

ఆ దేశంలో పిల్లలున్న కుటుంబాలు ఫోనులో చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. వారు ఉండే నగరంలో ఈ యంత్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా అన్ని పేటలలోనూ ఉండదు, ఇంటి లోపల, కారు లోపల పేలినది దానికి సరిగా వినబడకపోవచ్చు. కాల్పుల శబ్దం వింటే ముందు కిటికీకి దూరంగా నేల మీద పడుకోవాలి, పిదప 911కు ఫోను చేయాలి. మొట్టమొదట చెప్పవలసినది చోటు, అంటే వీధి పేరు, దగ్గరి కూడలి. ఇంగ్లీషు తడబడితే “తెలుగు” అని భాష పేరు చెబితే చాలు, చాలా కేంద్రాలు దుబాసీని ఫోనులోకి పిలిపిస్తాయి.