దిన్నెలో ధనము - దస్త్రములో చరిత్ర

గుప్తనిధి కథ లేని పల్లె మన తెలుగునాట అరుదు. పాడుపడిన కోటలో లంకెబిందెలు కలవనియు, శిథిలాలయములోని నంది కడుపున మాణిక్యములు కలవనియు చెప్పుకొందురు. కథలు వినుటకు ఇంపైనవే. కాని వానిని నమ్మి అర్ధరాత్రమున గడ్డపారలు పట్టినవారి చేత పగిలిన నందులకును, పెకలిన శాసనములకును లెక్క లేదు.

ఇందుకు అమరావతియే పెద్ద నిదర్శనము. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచట పట్టణము కట్టించుచుండగా, దీపాలదిన్నె యను గుట్టనుండి ఇటుకలు, రాళ్లు త్రవ్వి కొనిపోయిరి. నిధి దొరకునను ఆశతో దిన్నె నడుమ త్రవ్వించిరనియు, ఏమియు దొరకకపోగా ఆ గోతిని చెరువుగా మార్చిరనియు పాత నివేదికలు తెలుపుచున్నవి. చెక్కడపు రాళ్లు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. ఆ దిన్నెయే శాతవాహనుల కాలమున శోభిల్లిన మహాస్తూపము! వారు నిధిమీద నిలిచియే నిధికై వెదకిరి.

1798 ప్రాంతమున దానిని చూచిన కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్తరువులు వ్రాయించెను. నేడు అమరావతి శిల్పములు పెక్కు చెన్నై, లండను ప్రదర్శనశాలలలో నున్నవి. లండనులో నున్న వాని ఛాయాచిత్రములను బ్రిటిష్ మ్యూజియమువారి అంతర్జాల పట్టికలో మన పల్లెటూరి విద్యార్థియు చూడవచ్చును.

గడ్డపార కంటె మేలైన పనిముట్టు నేడు మనకు లభించినది. 1996లో ఆరంభమైన ఇంటర్నెట్ ఆర్కైవులో రాబర్టు స్యూయెల్ 1882లో ప్రకటించిన పురావశేషముల జాబితా, 1883 నాటి కృష్ణా మండల మాన్యువలు మొదలగునవి రుసుము లేకుండ చదువవచ్చును. స్యూయెల్ జాబితాలో జిల్లా, తాలూకా క్రమమున ఊళ్లలోని ఆలయములు, శాసనములు పేర్కొనబడినవి.

వెదకుటలో కొంత మెలకువ అవసరము. నాటి దొరలు మన ఊళ్ల పేర్లను తమ చెవికి తోచినట్లు వ్రాసిరి. మచిలీపట్నమును ‘మసూలిపటాం’ అనిరి. కావున ఒకే పేరును పలు వర్ణక్రమములతో వెదకవలెను. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. కనుక 1882 నాటి గ్రంథమున అమరావతిని కృష్ణాజిల్లాలో చూడవలెను. పాత అచ్చును యంత్రము తప్పుగా చదువుటయు కలదు. మాట దొరకనంతమాత్రమున విషయము లేదనుకొనక, పుటలు త్రిప్పి చూడవలెను.

కావలి సోదరుల తోడ్పాటుతో మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు మరియొక ఆధారము. వానిలో కరణముల లెక్కలతోపాటు పుక్కిటి పురాణములును కలిసియున్నవి. కావున కైఫియత్తును శాసనముతోను, శాసనమును ఊరి చెరువుతోను, గుడితోను సరిపోల్చిన పిమ్మటనే నిర్ణయమునకు రావలెను.

దస్త్రములు చదివి త్రవ్వకమునకు దిగుదమనువారికి ఒక మాట. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన నిధిని గూర్చి కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. రక్షిత కట్టడముల చెంత అనుమతి లేని త్రవ్వకము నేరము.

ఉపాధ్యాయులు ఒక్కొక్క విద్యార్థికి ఊరిలోని ఒక్కొక్క గుడినో, చెరువునో, వీరగల్లునో అప్పగింతురుగాక. పాత పుటలో తన ఊరి పేరు కనుగొన్న బాలుడు మరునాడు ఆ రాతికడకు పరుగెత్తును. దానిమీది అక్షరము విలువ తెలిసినవాడు, దానిక్రింద బంగారము కలదన్నను గునపము ఎత్తడు.