అడవికి ఎరువు వేసేదెవరు?

నల్లమల అడవిలో టేకు, నల్లమద్ది, వెదురు ఏపుగా పెరుగుతాయి. అక్కడ ఎవరూ డి.ఎ.పి. బస్తా విప్పరు, యూరియా చల్లరు. అదే మన చేలో ఒక్క దఫా ఎరువు తప్పితే పైరు పాలిపోతుంది. ఈ తేడా చూసి, 'అడవి మట్టిలోనే బలముంది, నాలుగు ట్రక్కులు తోలుకుంటే చాలు' అనుకునే రైతులున్నారు. అయితే ఆ బలం చాలావరకు మట్టిలో బతికే జీవులది. అది ట్రాక్టరుకెత్తితే వచ్చేది కాదు. దాన్ని మన పొలంలోనే నిలబెట్టుకోవాలి.

ఆకును మట్టి చేసేవి

వానాకాలంలో చెట్టు కింద రాలిన ఆకుల పొర ఎత్తి చూడండి. దూదిపోగుల్లాంటి తెల్లని దారాలు కనిపిస్తాయి. అవి శిలీంధ్రాలు. మనం చూసే పుట్టగొడుగు వాటికి కాయలాంటిది. అసలు ఒళ్లంతా నేలలోపలే ఉంటుంది. ఎండుకొమ్మల్లోని గట్టి పదార్థాన్ని కరిగించే పని ముఖ్యంగా వీటిదే. చెదలు, వానపాములు ఆకును ముక్కలు చేస్తాయి. గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో ఉండే బ్యాక్టీరియా మిగతా పని చేస్తాయి. ఇలా ఆకులోని పోషకాలు మళ్లీ వేరుకే చేరతాయి.

ఇక్కడ ఒక మాట మరువరాదు. అడవిలో చెట్టు తిన్నది చెట్టు కిందే రాలుతుంది. మన చేలో గింజా పోతుంది, చొప్పా పోతుంది. కాబట్టి మనం కొంతైనా తిరిగి ఇవ్వక తప్పదు.

వేరుతో పాలు సేద్యం

రెండో రకం శిలీంధ్రాలు బతికున్న వేరుతోనే పొత్తు పెట్టుకుంటాయి. ఈ జంటకు 1885లో జర్మనీ శాస్త్రవేత్త ఎ.బి. ఫ్రాంక్ 'మైకోరైజా' అని పేరు పెట్టారు. శిలీంధ్రపు వేరు అని దాని అర్థం. టేకు, వెదురుతో పాటు మన జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ, మిరప, ఉల్లి, మామిడి వేళ్లలో ఉండేది 'వామ్' రకం. ఇది కంటికి కనపడదు.

ఇదొక పాలు సేద్యం. ఆకు తయారుచేసిన చక్కెరలో మొక్క కొంత వాటా ఇస్తుంది. బదులుగా శిలీంధ్రం భాస్వరం, జింకు తెచ్చిపెడుతుంది. భాస్వరం నేలలో కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేస్తే, ఆపైన ఆకలే. వేరు నూగుకన్నా సన్నని శిలీంధ్రపు పోగులు మాత్రం సెంటీమీటర్ల దూరం పాకి తెస్తాయి. భాస్వరం ఎరువు మోతాదు మించితే మొక్క ఈ వాటా ఇవ్వడం తగ్గించేస్తుంది. పొత్తు చెడుతుంది. అలవాటుగా ఏటా డి.ఎ.పి. గుమ్మరించడం అందుకే రెండు విధాల నష్టం.

ఈ పొత్తు విలువ పోర్టోరికో దీవిలో తేలింది. 1930ల నుంచి అక్కడ పైన్ చెట్లు పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా మొక్కలు ఎదగలేదు. 1955లో అమెరికాలోని నార్త్ కరోలినా పైన్ అడవుల మట్టి తెచ్చి మొక్కలకు వేశారు. అవి ఎదిగాయి. వేయనివి గిడసబారాయి. పైన్‌కు కావలసిన శిలీంధ్రం ఆ దీవిలో లేకపోవడమే కారణం.

మరి మనమూ మట్టి తేవాలా?

అక్కర్లేదు. పైన్ ఆ దీవికి పరాయి చెట్టు. మన మెట్ట పైర్లకు కావలసిన వామ్ బీజాలు మన చేలల్లో సాధారణంగా ఉంటాయి. అడవి మట్టితో పాటు తెగుళ్లు, కలుపు గింజలు కూడా రావచ్చు. రిజర్వు అడవి నుంచి మట్టి తేవడం నేరం. పైగా ఆకుల పొర తీసేస్తే అడవే చిక్కిపోతుంది.

చేయాల్సింది ఇదీ:

* చొప్ప, కంపలు, ఆకులు కాల్చొద్దు. నేలపై పరచండి. ఎండు ఆకును విత్తే ముందు కలియదున్నితే, కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని కొంతకాలం లాగేసుకుంటాయి.

* వామ్ బతకడానికి బతికున్న వేరు కావాలి. నేలను నెలల తరబడి బీడు పెట్టకుండా అలసంద, పెసర, జనుము వంటివి చల్లండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాల వేళ్లలో ఇది పెరగదు. వాటి తర్వాత జొన్న గానీ కంది గానీ వేయండి.

* పదేపదే దున్నితే పోగులు తెగిపోతాయి. అవసరమైన మేరకే దున్నండి. శిలీంధ్రనాశినులను అనవసరంగా నేలలో పోయొద్దు.

* భూసార పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువుంటే ఆ మేరకు డి.ఎ.పి. తగ్గించండి.

వామ్ కొనేవారికి

నారుమళ్లకు, సంచుల్లో పెంచే మొక్కలకు వామ్ బాగా పనికొస్తుంది. విత్తనం కింద, వేరు తగిలేలా వేయాలి. పైన చల్లితే పెద్దగా ఫలితం ఉండదు. నీరు నిలిచే వరి మడిలో కూడా అంతే. బ్యాక్టీరియా ఎరువుల్లా దీన్ని సులువుగా సీసాలో పెంచలేరు. సాధారణంగా మొక్కల వేళ్లపై పెంచి తీస్తారు. అందుకే కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, బిల్లు తీసుకోండి, నీడన దాచండి. నమ్మకం కుదరకపోతే ముందు పది సెంట్లలో వేసి, వేయని మడితో పోల్చి చూసుకోండి.

పోగులు చెడకుండా చూసుకుంటే వచ్చే ఏటి పైరుకూ పని చేసిపెడతాయి.